బానెట్ కింద కాపురం

ఒరేయ్,

మూడు నెలలు ఊళ్లో ఉండననీ, కారు షెడ్డులో పెట్టి కవర్ కప్పి పోతాననీ ఎంత నిమ్మళంగా రాశావురా! ఆ కవర్ మాట చదవగానే నా గుండె గుభేలుమంది. పోయినేడు నేను చేసిందీ అదే. చుట్టూ చీకటి, పైన కప్పు, మనిషి అలికిడి లేదు. ఎలుకకి ఇంకేం కావాలి? కారుకని కొన్న కవర్ చివరికి దాని పురిటిగదికి పరదా అయింది.

తిరిగొచ్చి తాళం తిప్పితే ఇంజిన్ గడగడ వణికింది. డాష్‌బోర్డు మీద దీపాలన్నీ వెలిగాయి. మెకానిక్ రెండు రోజులు ఒక్కో సెన్సరూ విప్పి చూశాడు. చివరికి తేలిందేమిటంటే, ఇంజెక్టర్‌కి, అంటే ఇంజిన్‌లోకి ఇంధనం చిమ్మే భాగానికి, వెళ్లే సన్నటి వైరొకటి తెగింది. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఏమిటో ఆరోజు కళ్లారా చూశాను. (నిజానికి ఎలుక కూడా దొరకలేదు, దాని పెంటికలే దొరికాయి.) ఎయిర్ ఫిల్టర్ పెట్టె తెరిస్తే, బానెట్ లోపలి దూదంతా పీకి తెచ్చి మెత్తటి గూడు కట్టుకుంది.

వైర్లలో ఏం రుచి ఉంటుందని అడుగుతావు. రుచి కోసం కాదురా, పళ్ల బాధ. దాని ముందుపళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి, ఏడాదికి 10 సెంటీమీటర్ల పైనే. కొరికి అరగదీసుకోకపోతే బతకలేదు. ఇప్పటి వైర్ల తొడుగులో సోయా కలుపుతున్నారు, అందుకే తింటున్నాయని అమెరికాలో కొందరు కార్ల కంపెనీల మీద కోర్టుకి కూడా వెళ్లారు. నాకు ఆ మాట అంతగా ఎక్కదు. సోయా ఊసే లేని పాత బళ్ల వైర్లని వీటి తాతలు వదిలిపెట్టారా ఏమిటి?

ఆ దెబ్బతో కనబడిందల్లా కొన్నాను. చెవికి వినపడని కూత పెట్టే యంత్రం పెట్టాను. ఆ శబ్దం అడ్డంగా ఏ వస్తువున్నా దాటదు, ఇంజిన్ నిండా అడ్డాలే కదా. పైగా కొన్నాళ్లకి ఎలుకలు దానికి అలవాటు పడిపోతాయి. పుదీనా నూనె వాసన నాలుగు రోజుల్లో ఆవిరైపోయింది. నాఫ్తలీన్ ఉండలు మాత్రం పెట్టకు. ఆ ఆవిరి కారు లోపలికొచ్చి నీ ఊపిరితిత్తుల్లోకే పోతుంది. విషం అసలే వద్దు. ఎలుక ఏ మూలో చచ్చి కంపు కొడుతుంది. దాన్ని తిన్న పిల్లీ, గుడ్లగూబా కూడా పోతాయి.

నాకు పనికొచ్చింది పైసా ఖర్చులేని పని, బానెట్ తెరిచి పెట్టడం. లోపలికి వెలుతురొచ్చి, వెచ్చటి చీకటి మూల లేకుండా పోతే దానికి అక్కడ ఉండబుద్ధి కాదు. బానెట్ కింద బల్బు వెలిగే కారైతే అది ముందు తీసెయ్, లేకపోతే బ్యాటరీ ఖాళీ అవుతుంది. తాళం మీ తమ్ముడికిచ్చి, వారానికి రెండుసార్లు కారు బయటికి తీసి తిప్పమను. ఉన్నచోటే అయిదు నిమిషాలు ఇంజిన్ ఆడించి ఆపితే మాత్రం ఎలుకకి పక్క వెచ్చచేసి ఇచ్చినట్టే.

సీట్ల కింద బిస్కెట్ పొడి ఊడ్చెయ్. షెడ్డులో కుక్క తిండి బస్తా ఉంటే బిగుతు మూత ఉన్న డబ్బాలోకి మార్చు. ఏసీని లోపలి గాలి తిరిగే బటన్ మీద పెట్టి ఇంజిన్ ఆపు, బయటి గాలొచ్చే దారి మూసుకుంటుంది. ఆ దారి మొదట్లో ఉక్కు జాలీ బిగించినా మంచిదే, కానీ కన్నం 6 మిల్లీమీటర్లకి మించకూడదు. అంతకన్నా కాస్త పెద్ద సందున్నా చిట్టెలుక దూరిపోతుంది. వైర్లకి చుట్టే కారం టేపు కూడా ఉంది, మిరపకాయలో మంట పుట్టించే కాప్సైసిన్ పూసినది, హోండా వాళ్లు అమ్ముతారు. నేను మార్చిన వైరుకి అదే చుట్టాను, ఇప్పటిదాకా దాని జోలికి ఏదీ రాలేదు. బోనులు పెట్టేటట్టయితే గోడ వారగా పెట్టు. ఎలుకకి కొత్త వస్తువంటే అనుమానం, మొదటి నాలుగు రోజులు ఎర మాత్రం పెట్టి బోను బిగించకుండా వదిలెయ్.

ఇన్ని చేసినా లోపల పెంటికలు కనబడితే పొడిగా ఊడవకు, ఆ దుమ్ము పీలిస్తే జబ్బులొస్తాయి. గ్లవుజులు, మాస్కు వేసుకుని, బ్లీచ్ నీళ్లతో తడిపి కాగితంతో తుడువు. ఇన్సూరెన్స్ పాలసీ కూడా ఒకసారి తీసి ఎలుకల మాట ఎలా రాశారో చూడు. నేను దెబ్బ తిన్నాక చూశాను.

తిరిగొచ్చిన రోజు ఎంత తొందరున్నా, బానెట్ కింద టార్చి వేసి చూడందే తాళం తిప్పకు. ఎండుగడ్డి గూడు వేడి గొట్టం మీద ఉంటే నిప్పంటుకుంటుంది. బయల్దేరే ముందు రాత్రి ఫోన్ చేస్తాను, కవర్ మడిచి బీరువాలో పెట్టావా లేదా చెప్పాలి మరి.

నీ
పాత నేస్తం