నాయనా, ఫీజు కోసం గొడవకి పోవద్దు

డబ్లిన్,
ఆదివారం మధ్యాహ్నం

నాయనకు,

నేను బాగుండాను. వేళకి తింటా ఉండాను, నిద్రపోతా ఉండాను, వానలో తడవకుండా తిరుగుతా ఉండాను. అమ్మ అడిగే మూడూ ముందే చెప్పేసినాను. పని మామూలే.

ఫోన్లో చెబితే సగంలోనే "సరేలేమ్మా, బిల్లు అయిపోతాది" అని పెట్టేస్తావు. వాట్సాప్ కాలుకి బిల్లు ఉండదని ఎన్నిసార్లు చెప్పినా అంతే. అందుకే రాస్తా ఉండాను. తమ్ముడు షాపులో ప్రింటు తీసి ఇస్తాడు. వాడు చదవకుండా ఇస్తాడా? చదవనీలే, వాని సంగతే కదా. ఒరే, దీన్ని పేజ్‌మేకర్లో అతికించొద్దు. ఇది యూనికోడ్, అంటే అన్ని కంప్యూటర్లకీ ఒకటే అక్షరాల కోడు, అక్కడ ప్రశ్నార్థకాలు తప్ప ఇంకేమీ రాదు. వర్డ్‌లో తెరిచి తీయి.

తమ్ముడు వెబ్ పేజీలు కట్టడం నేర్చుకునే ఆ ఇన్‌స్టిట్యూట్ మీదికి నువ్వు పోతానన్నావంట, అమ్మ చెప్పింది. పన్నెండు వేలు కట్టించుకుని చచ్చిపోయిన విద్య నేర్పిస్తా ఉండారని బావ అన్నాడంట. తమ్ముడు నోట్సు ఫోటోలు నాకూ పంపినాడు. టేబుల్ లోపల టేబుల్, దాని లోపల ఇంకొకటి, అక్షరాల రూపు చెప్పే ఫాంట్ ట్యాగులు, మధ్యకి జరిపే సెంటర్ ట్యాగులు, ఆఖరి పేజీలో మార్కీ. అదే, అక్షరాలు బస్టాండు బోర్డు మాదిరి పక్కకి పాకేది. చూసి నవ్వుకున్నాను, ఆ తరువాత ఇబ్బందిగా కూడా అనిపించింది. ఎందుకో కింద చెప్తాను.

బావ మాట అబద్ధం కాదు. అయితే ఆయనకి తెలిసింది సగమే. నీకు నీ ప్రెస్సు మాటల్లోనే చెప్తా. వెబ్ పేజీలు పుట్టిన కొత్తలో దేన్ని యాడ పెట్టాలో చెప్పే దారి లేదు. టేబుల్ ఒకటే ఉండేది, అదీ అంకెల పట్టికల కోసం. అప్పటోళ్లు దాన్నే, టైపు బిగించే ఇనప చట్రం, ఛేజ్ మాదిరి వాడుకున్నారు. గీతలు కనపడకుండా చేసి, ఒక గడిలో బొమ్మ, ఇంకో గడిలో మాటలు పెట్టి బిగించేసినారు. ఖాళీ కావాలంటే ఒక చుక్కంత బొమ్మ, రంగు లేనిది, కంటికి కనపడనిది, దాన్ని కావాల్సినంత సాగదీసి మధ్యలో దూర్చేవాళ్లు. నీ స్పేసు ముక్కలు అంతే కదా నాయనా? టైపు కంటే పొట్టి కాబట్టి ఇంకు అంటదు, అచ్చులో రాదు. తీసేస్తే మాత్రం లైను మొత్తం కూలిపోతాది. చిన్నప్పుడు అవి అక్షరాలే కావనుకుని జేబులో వేసుకుపోయినాను చూడు, ఆ రోజు నువ్వు కొట్టలేదు, ఊరికే చెయ్యి చాపినావు.

పేజీ రూపానికి వేరే భాష కావాలని సీఎస్ఎస్ నియమాలు 1996 డిసెంబరులోనే వచ్చినాయి. కానీ బ్రౌజర్లు ఒక్కోటి ఒక్కో రకంగా చదివేవి, అందుకని టేబుళ్లు ఇంకా చాలా ఏళ్లు నడిచినాయి. 2017 మార్చిలో, పేజీని గళ్లుగా పంచే గ్రిడ్ అనేది క్రోమ్‌లోనూ ఫైర్‌ఫాక్స్‌లోనూ వచ్చినాక, నోట్సులో ఐదు పేజీలు రాసిన ఆ కట్టడం నాలుగైదు లైన్లకి కుదిరిపోతాది.

నువ్వు టైపు కేసులు తూకానికి అమ్మేసిన రోజు నాకు బాగా గుర్తు. ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. అమ్మ ఆ రోజు సంగటి కలిపి పెట్టింది, నువ్వు ముద్ద ముట్టకుండా లేచిపోయినావు. అయినా కంప్యూటరు ముందు కూర్చున్న కొన్నాళ్లకే గాంధీ రోడ్డులో నీ శుభలేఖలకి పేరొచ్చింది. ఏ అక్షరం పక్కన ఎంత ఖాళీ వదలాలో నీ కంటికి ముందే తెలుసు. సరే, అట్లని తమ్మునికి సీసం టైపు కంపోజింగ్ నేర్పించినావా? లేదు కదా. ఒక మధ్యాహ్నం అక్షరాలు పేర్చే స్టిక్ చేతికిచ్చి వాని పేరు కట్టమన్నావు, అచ్చులో తిరగబడేట్టు కట్టినాడు, నవ్వుకున్నారు, అంతటితో సరి. టేబుళ్లు కూడా వానికి అంత వరకే కావాల. వారం చాలు. ఆర్నెల్లు వద్దు.

ఇంక నా ఇబ్బంది. కోప్పడొద్దు. ఇంటికొచ్చిన వాళ్లందరికీ నువ్వు "మా పాప సాఫ్ట్‌వేరు" అని చెప్పుకుంటావు కదా, ఆ సాఫ్ట్‌వేరంతా టేబుళ్లే. బావ ఏ నోట్సు చూసి నవ్వినాడో, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం వరకు నేను చేసేది అదే. కంపెనీలు పంపే మెయిళ్లు నేను కడతాను. వెబ్ పేజీ ఎంత ముందుకు పోయినా మెయిలు యాడుండేది ఆడనే ఉండాది. 2007లో మైక్రోసాఫ్ట్ వాళ్లు అవుట్‌లుక్ అనే తమ మెయిలు ప్రోగ్రాములో మెయిళ్లు చూపించే పనిని వర్డ్ ఇంజనుకి అప్పజెప్పినారు. దానికి గ్రిడ్ తెలీదు, ముక్కల్ని వరసలో సర్దే ఫ్లెక్స్‌బాక్స్ తెలీదు, టేబుల్ ఒకటే తెలుసు. ఈడ చాలా ఆఫీసుల్లో అదే. జీమెయిలుది ఇంకో గోల: మెయిలు 102 కేబీ దాటిందంటే కింద భాగం కత్తిరించేసి, మిగతాది కావాలంటే నొక్కమంటాది. గడి లోపల గడి పెట్టుకుంటా పోతే అది దాటడం ఎంతసేపు.

నాకు ముందు ఇది తెలీదు. చేరిన కొత్తలో ఒక మెయిలులో టేబుళ్లన్నీ పీకేసి కొత్త పద్ధతిలో అందంగా రాసినాను. నా కంప్యూటర్లో బంగారం మాదిరి ఉండాది. పంపినాక పక్కపక్కన ఉండాల్సిన మూడు గళ్లు అవుట్‌లుక్‌లో ఒకదాని కింద ఒకటి జారిపోయినాయి. పోయిన మెయిలు వెనక్కి తీసుకోలేం నాయనా, అచ్చయిన శుభలేఖలో పెళ్లికొడుకు ఇంటిపేరు తప్పు పడినట్టే. ఆ రోజు బాత్రూములో నీళ్ల చప్పుడు పెట్టి ఏడ్చినాను. మా టీములో పెద్దావిడ, పోలండు మనిషి, తిట్టలేదు. నా పక్కన కూర్చుని, అవుట్‌లుక్ ఒకటే చదివి మిగతావన్నీ దాటిపోయే కామెంట్లు ఉంటాయి చూడు, వాటి మధ్యలో ఒక టేబుల్ కట్టి చూపించింది. అప్పటి నుంచి నా బువ్వ దాని మీదనే.

మీకు అప్పుడు ఎందుకు చెప్పలేదంటే చెప్పలేదు, అంతే. సిగ్గు.

ఇప్పుడు కొత్త అవుట్‌లుక్ వచ్చింది, దానికి వర్డ్ ఇంజను లేదు. పాతది కనీసం 2029 దాకా ఉంటుందని మైక్రోసాఫ్ట్ చెప్పింది. ఆ తరువాత నా టేబుళ్లు కూడా తూకానికి పోవచ్చు. భయపడొద్దు, నేను సాయంత్రాలు గ్రిడ్ పనులు చేసి చూసుకుంటానే ఉండాను. ఈడ ఇప్పుడు రాత్రి తొమ్మిదైనా పొద్దు గూకదు, టైం ఉండాది.

ఇన్‌స్టిట్యూట్ సంగతి. గొడవ వద్దు, లాయరు మామని తీసుకుపోవద్దు. నువ్వూ తమ్ముడూ పోయి, మిగతా నెలల్లో ఫ్లెక్స్‌బాక్స్, గ్రిడ్, ఫోన్లో పేజీ ఎట్ల కుదరాలి అనేవి చెప్తారా లేదా అని అడగండి. చెప్పేది లేదంటే మిగిలిన డబ్బులు అడుగు. ఫాంట్ ట్యాగు, మార్కీ ఒకసారి చూసి మర్చిపోతే చాలు. పేజీలో బొమ్మలు కదిలించే ఆ పాత ఫ్లాష్ నేర్పుతామంటే మాత్రం అక్కడికక్కడే లేచి వచ్చేయమను, 2020 డిసెంబరు 31తో అది ఆగిపోయింది. ఫ్లోట్ నేర్చుకోనీ, అది పుట్టిందే బొమ్మ చుట్టూ అక్షరాలు పారడానికి. నిలువు వరసలు కట్టడానికి దాన్ని లాగి పీకి వాడినారు, అది వద్దు. ఒరే తమ్ముడూ, నువ్వు ఎప్పుడన్నా మెయిలులో టేబుల్ కడితే దానికి రోల్ ప్రెజెంటేషన్ అని, అంటే ఇది రూపానికే అని, రాయడం మర్చిపోవద్దు. రాయకపోతే చిన్నత్త కొడుకు ఫోను అది నిజం పట్టిక అనుకుని "వరస ఒకటి, గడి రెండు" అని చదువుకుంటా పోతాది. చూపు లేని వాడు వింటా ఎంతసేపు కూర్చుంటాడు?

తమ్ముడు మన తిరుపతి గంగమ్మ జాతరలో తోటి వేషానికి ఒళ్లంతా బొగ్గు పూసుకున్న ఫోటో పంపినాడు. మూడు రోజులుగా దాన్నే చూస్తా ఉండాను. ఈ రోజు మాతంగి వేషం కదా. మీకు సాయంత్రమైపోయి ఉంటాది, మాకన్నా నాలుగున్నర గంటలు ముందుండారు. తాతయ్యగుంట దారి నిండిపోయి ఉంటాది. నాకు ఐదేళ్లప్పుడు వేషాల వాళ్లని చూసి దడుచుకుని ట్రెడిల్ అచ్చు మిషన్ వెనక దూరినాను, ఫ్రాకుకి ఇంకు అంటుకుందని అమ్మ అరిచింది, నువ్వు గెంజి ముంతతో వచ్చినావు. అమ్మవారికి నా పేరు మీద కూడా అంబలి పోయించండి. డబ్బులు పంపినాను, చూసుకో.

పెళ్లి మాట ఎత్తినప్పుడు ఫోను పెట్టేసింది కోపంతో కాదని అమ్మకి చెప్పు. బస్సొచ్చింది. సరే, కొంచెం కోపం కూడా.

ఇంకొకటి మర్చిపోయినాను. నీ పాత సీడీల్లో భజన పుస్తకాలు, శతకాలు ఉండాయి కదా, అన్నీ 'అను' అనే పాత తెలుగు ఫాంట్లో. ఆ ఫాంటు లేని మిషన్లో తెరిస్తే ఇంగ్లిషు పిచ్చి గీతలు కనిపిస్తాయి. అవి యూనికోడ్‌లోకి రావాలంటే ఆ పాత కోడు తెలిసినోడే కూర్చోవాల. నీకు ఏ మీటకి ఏ ఒత్తు పడుతుందో నిద్రలో కూడా తెలుసు. తమ్మునికి ప్రోగ్రాము రాయడం వస్తాది. ఇద్దరూ కూర్చోండి, సాయంత్రం ఒక గంట.

కళ్ల డాక్టరు దగ్గరికి పోయినావా? పోయినానని చెప్పొద్దు, చీటీ ఫోటో పంపించు.

మామిడికాయలు ఈడ పెట్టెల్లో దొరుకుతా ఉండాయి, ఎక్కడివో, తేనె మాదిరి తీపి. తోతాపురి ఉప్పూ కారం అద్దుకుని కొరికితే వచ్చే ఆ పులుపు మాత్రం లేదు.

జూన్‌లో పెద్దత్త కొడుకు వస్తా ఉండాడు కదా. ఊరగాయ వద్దు, ఆయప్ప బ్యాగులో కారిపోతాది. ఆ కంపోజింగ్ స్టిక్ అమ్మేయలేదు కదా? బీరువా కింది అరలో చూడు. నాలుగు స్పేసు ముక్కలు కూడా దొరికితే గుడ్డలో కట్టి ఆయప్ప చేతికిచ్చి పంపించు.

నీ పెద్దపాప