చికెన్ డిన్నర్ లేకుండా కప్పు కొడితే అన్యాయం ఎలా అవుతుందండీ?

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన సోమవారం మీ జిల్లా పేజీలో మా కాలేజీ ఫెస్ట్‌లో జరిగిన బీజీఎంఐ (ఫోన్‌లో టీములుగా ఆడే షూటింగ్ గేమ్) టోర్నమెంట్ గురించి చిన్న వార్త వేశారు, ముందు దానికి థాంక్స్, ఎందుకంటే ఫోన్ గేమ్ అంటే మామూలుగా పిల్లలు చెడిపోతున్నారు అన్న హెడ్డింగే చూస్తుంటాం. కానీ అందులో రెండు మ్యాచ్‌లు గెలిచిన జట్టుకి రెండో స్థానం, ఒక్కటీ గెలవని జట్టుకి కప్పు అని రాసి పక్కన ఒక ఆశ్చర్యార్థకం కూడా పెట్టారు. ఆ ఒక్కటీ గెలవని జట్టులో నేనూ ఒకడిని. ఆ రోజు నుంచి మా వీధి చివర టీ కొట్టు దగ్గర "ఏరా, టోర్నమెంట్ పెట్టినోళ్ళు మీ చుట్టాలా, దాక్కుని గెలిచారటగా" అని ఒకటే గోల, అందుకే ఈ ఉత్తరం.

అసలు లెక్క ఏంటంటే, 16 టీములు, టీముకి నలుగురు, మొత్తం 64 మంది ఒకే మ్యాప్‌లో దిగుతారు. చివరిదాకా మిగిలిన టీముకి (దాన్నే చికెన్ డిన్నర్ అంటాం) 10 పాయింట్లు, రెండో ప్లేసుకి 6, ఆ తర్వాత 5, 4, 3, 2, ఏడు ఎనిమిది ప్లేసులకి తలా ఒకటి, తొమ్మిది నుంచి కింద అందరికీ గుండు సున్నా. ప్లేసుతో పని లేకుండా ఒక్కో ఫినిష్‌కి (అంటే ఆటలో ఎదుటివాణ్ణి చంపినందుకు) ఒక పాయింటు. ఇది మా కాలేజీ వాళ్ళు కనిపెట్టింది కాదు, పెద్ద టోర్నమెంట్లలో నడిచే పట్టికే. ఒకప్పుడు ఫస్ట్‌కి 15, సెకండ్‌కి 12 ఉండేవి, అప్పుడైతే ఎవరి జోలికీ పోకుండా గడ్డిలో పడుకుని సెకండ్ వచ్చినా 12 జేబులో పడేవి, ఇప్పుడు అలా పడుకుంటే ఆరే, అదే తొమ్మిదో ప్లేసులో పోయినా ఏడుగుర్ని చంపిన టీము మనకంటే పైన ఉంటుంది. కాబట్టి దాక్కుంటే లాభం లేదు, అలాగని ప్రతి తుపాకీ చప్పుడుకీ పరిగెత్తినా లాభం లేదు.

ఇప్పుడు మా రెండు టీముల ఆరు మ్యాచ్‌ల స్కోరు చూడండి. వాళ్ళు (రెండో స్థానం వచ్చిన టీము) మొదటి మ్యాచ్ 9 ఫినిష్‌లతో గెలిచారు, 19 పాయింట్లు. రెండో మ్యాచ్‌లో 1, మూడో దాంట్లో 2. నాలుగోది మళ్ళీ గెలిచారు, 18. ఐదులో 1, ఆరులో 7. మొత్తం 48. మాకు వరసగా 9, 13, 11, 3, 14, 7, మొత్తం 57. మూడు మ్యాచ్‌లలో కలిపి వాళ్ళకి వచ్చింది నాలుగంటే నాలుగు పాయింట్లు, అక్కడే పోయింది కప్పు. ఫినిష్‌లు కూడా మావి 33, వాళ్ళవి 27, మరి దాక్కుని గెలిచారన్న మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు అర్థం కాలేదు. ఇద్దరికీ సమానం వచ్చి ఉంటే మాత్రం రూల్ ప్రకారం చికెన్ డిన్నర్లు ఎక్కువున్న వాళ్ళకే ఇచ్చేవాళ్ళు, అదీ న్యాయమే.

వాళ్ళు ఎందుకు పడ్డారో కూడా చెప్తాను, మంచి ఆటగాళ్ళు, గురి చూస్తే మాకంటే వాళ్ళదే బాగుంటుంది, కాకపోతే ప్రతిసారీ మ్యాప్‌లో పోచింకీ అనే ఊరి మధ్యలోనే దిగుతారు, అక్కడికే ఇంకో రెండు టీములు వస్తాయి. గెలిస్తే లూట్ (అక్కడ దొరికే తుపాకులు, సామాను) అంతా మనదే, ఓడితే మూడో నిమిషానికే ఇంటికి. మేము దిగేది జార్జిపోల్ అనే ఊరి కింద హాస్పిటల్ దగ్గర, ఇంకో టీము కూడా అదే అనుకుంటుందని తెలిసి ముందు రోజే క్యాంటీన్‌లో కూర్చుని మాట్లాడుకున్నాం, ఆ టీము కంటైనర్లు ఉన్న చోటు తీసుకుంది. ఇలా మాట్లాడుకుని డ్రాప్ (దిగే చోటు) పంచుకోవడంలో తప్పేం లేదండి, దిగీ దిగగానే ఇద్దరం కొట్టుకుని చస్తే లాభం మిగతా పద్నాలుగు టీములకే.

మా నాలుగో మ్యాచ్ గురించి కూడా చెప్పాలి, అది మా తప్పే. జోన్ (చిన్నదవుతూ పోయే వలయం, అందులో ఉంటేనే బతుకుతాం) మిలిటరీ బేస్ వైపు పడింది, మేమాడిన ఎరాంగెల్ మ్యాప్‌లో అది విడిగా ఉన్న దీవి, రెండు బ్రిడ్జిలే దారి. మొదటి సర్కిల్ చూడగానే బండెక్కాల్సింది, మా స్నైపర్‌కి 6ఎక్స్ స్కోప్ (దూరంగా గురి చూసే అద్దం) దొరకలేదని ఇంకో రెండు బిల్డింగులు వెతికాం. బ్రిడ్జి దగ్గరికి వచ్చేసరికి అవతల చివర రెండు కార్లు అడ్డం పెట్టి ఒక టీము కాచుకుని కూర్చుంది. మా బండి టైర్లు పేలిపోయాయి, పొగ బాంబులు వేసి పడిపోయిన మావాణ్ణి మళ్ళీ లేపేలోపు ఇంకొకడు పడ్డాడు, వెనక బ్లూ జోన్ (వలయం బయట ప్రాణం తీసే భాగం) తరుముతోంది. బోటు వెతుక్కునో ఈదుకుంటూనో పోయినా బతికేవాళ్ళమేమో. పదకొండో ప్లేసు, మూడు ఫినిష్‌లు. స్కోప్ మాత్రం చివరి దాకా దొరకలేదు.

ఆ తర్వాత మా ఫ్రెండ్ ఒకడు లాంగ్ నోట్‌బుక్‌లో అందరి స్కోర్లూ రాస్తున్నవాడు వచ్చి మీరు 36, వాళ్ళు 40 అన్నాడు. ఐదో మ్యాచ్‌లో మేము సెకండ్ వచ్చి 14 కొడితే వాళ్ళు ఒక్క పాయింటుతో పోయారు, దాంతో 50కి 41. చివరి మ్యాచ్‌కి ముందు మా ప్లాన్ ఒక్కటే, వాళ్ళు గెలిచి తొమ్మిది ఫినిష్‌లు చేసినా 60 అవుతుంది, మనకి పదకొండు చాలు, సేఫ్‌గా ముందే జోన్‌లో ఇల్లు పట్టుకుని, దగ్గర్లో రెండు టీములు కొట్టుకుంటుంటే మిగిలినవాళ్ళ మీద పడదాం అని. అంత కూడా అవసరం పడలేదు, కిల్ ఫీడ్‌లో (ఎవరు చచ్చారో స్క్రీన్ మీద చూపే జాబితా) వాళ్ళ నాలుగోవాడు పోయినట్టు కనిపించగానే మావాడు ఫోన్ పక్కన పడేసి అరిచాడు, ఆ అరుపులో ఆటలో మేమున్న ఇంటి గోడ దూకి వస్తున్నవాళ్ళ అడుగుల చప్పుడు ఎవరికీ వినపడలేదు.

మీ పేపర్ చదివేవాళ్ళకి ఇది కొత్తేం కాదు. 2024 మే 18న ఐపీఎల్‌లో బెంగళూరు, చెన్నై మ్యాచ్ గుర్తుందా, బెంగళూరు గెలిచినా ఇద్దరికీ 14 పాయింట్లే, రన్‌రేట్ దాటాలంటే ఊరికే గెలిస్తే చాలదు, 18 పరుగుల తేడాతో గెలవాలి అని అందరూ లెక్కలు వేశారు, 27 తేడాతో గెలిచి ప్లేఆఫ్స్‌కి పోతే అన్యాయం అని ఎవరూ అనలేదు. గెలుపుకే విలువ ఉండాలి అంటారా, దానికీ పద్ధతి ఉంది, ఫ్రీ ఫైర్ (ఇలాంటిదే ఇంకో గేమ్) పెద్ద ఫైనల్స్ కొన్నిటిలో నిర్ణీత పాయింట్లు దాటాక బూయా (అక్కడి చికెన్ డిన్నర్) కొట్టిన టీముకే కప్పు. మావాళ్ళు ఆ రూల్ పెట్టలేదు, పెట్టి ఉంటే మేమూ వేరేగా ఆడేవాళ్ళం.

ఇంకో మాట, వార్త చివర ఆన్‌లైన్ బెట్టింగ్ గురించి ఒక వాక్యం తగిలించారు. మేము టీముకి 200 ఎంట్రీ ఫీజు కట్టాం, అంతే, పందెం ఏమీ లేదు. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం కూడా ఈ-స్పోర్ట్స్‌ని, డబ్బులు పెట్టి ఆడే గేమ్‌లని వేరు వేరుగానే చూస్తుంది. ఆ వాక్యం చదివే మా నాన్న రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

వీలైతే పాయింట్ల పట్టిక ఒక్కటి వేయండి, నోట్‌బుక్ పేజీ ఫోటో తీసి ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను. అలాగే ఫోటో కింద ఎడమ నుంచి రెండోవాడి పేరు తప్పు పడింది, వాళ్ళమ్మ అప్పటికే చుట్టాలకి పంచడానికి ఆరు పేపర్లు కొనేసింది.

ఇట్లు,
ఒక డిగ్రీ విద్యార్థి, తెనాలి