ఇంట్లో రికార్డు చేసుకున్న క్యాసెట్లే ముందు

పాలమూరులో మన షాపుకు క్యాసెట్లు తెచ్చే అందరికీ నమస్తే. క్యాసెట్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే పనిలో వచ్చే నెల నుంచి వరుస మారుస్తున్నా. ఇంట్లో, గుడికాడ, జాతరలో మీరే రికార్డు చేసుకున్నవి ముందు చేస్తా. కొన్న సినిమా క్యాసెట్లు ఆ తర్వాతే. వాటికి తేదీ చెప్పలేను. షాపు కిరాయి వెళ్లేది సినిమా క్యాసెట్ల మీదే, అయినా ఈ నిర్ణయం తీసుకున్నా. సినిమా పాట ఫోన్లో ఎప్పుడైనా దొరుకుతది. మీ నాయనమ్మ పాడిన బతుకమ్మ పాట ఆ ఒక్క రీలు మీదే ఉంది.

60 నిమిషాల క్యాసెట్‌కు 60 నిమిషాలూ పడుతది, తొందరగా తిప్పితే పనికిరాదు. బూజు పట్టినవైతే ముందు శుభ్రం చేసుకోవాలి.

నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగులయ్యకు 2022లో, నారాయణపేట జిల్లా దాసరి కొండప్పకు 2024లో పద్మశ్రీ వచ్చింది. ఒకరిది పన్నెండు మెట్ల కిన్నెర, ఇంకొకరిది బుర్రవీణ; రెండూ పాటతోపాటు మీటే తంతి వాయిద్యాలు. కిన్నెర మీద పాడే మన పాలమూరు వీరుడు పండుగ సాయన్న కథను పుస్తకంలో అచ్చు వేయొచ్చు. కానీ కిన్నెర ఏ మాట దగ్గర ఆగింది, ఏ చరణం సాగింది, జనం ఎక్కడ గొంతు కలిపారు అన్నది అచ్చులో పడదు. మొగులయ్య, కొండప్పల కంటే ముందు ఊరూరా తిరిగి పాడినవాళ్ల గొంతు మీ అటక మీద ఉండొచ్చు.

అందుకే వెనకాల వినబడే పిల్లల ఏడుపు, ఎడ్ల గంటలు తీసెయ్యమన్నా మొదటి కాపీలో తీయను. అప్పటి మన వాకిలి ఎట్లుండెనో చెప్పేది ఆ చప్పుళ్లే. ఫోన్లో వినడానికి శుభ్రం చేసిన కాపీ వేరుగా ఇస్తా.

పాడినవాళ్ల పేరు, ఊరు, సుమారుగా ఏ ఏడాదో అడుగుతా, విసుక్కోకండి. 1902లో కలకత్తాలో గాయని గౌహర్ జాన్ గ్రామఫోన్ రికార్డు ఇచ్చినప్పుడు పాట చివర తన పేరు తనే చెప్పింది. వందేళ్లు దాటినా ఆ గొంతు ఎవరిదో అందరికీ తెలుసు. మన క్యాసెట్ల మీద చాలావాటికి చీటీ కూడా ఉండదు. పెద్దోళ్లు ఉన్నప్పుడే అడిగి రాసుకురండి.

ఒగ్గు కథ, శారద కథ, కిన్నెర పాట ఉన్నవాటికి పైసలు తీసుకోను. ఒక కాపీ షాపులో ఉంచుకుంటా, మీరు ఒప్పుకోకుండా ఎవరికీ ఇవ్వను. మిగతావాటికి పాత రేటే.

రీలు తెగితే సెల్లో టేపుతో అతికించకండి, ఆ జిగురు మెషిన్‌కు అంటుకుంటది. తెగినదాన్ని తెగినట్టే కవర్లో వేసి తెండి.