సామాను దించాలంటే ఇంకో పదిహేను వేలట! రవాణా శాఖ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

కూకట్‌పల్లి నుంచి విశాఖకు ఇల్లు మారాం. ఫోన్‌లో మా సామాను వీడియో చూసి ప్యాకర్స్ వాళ్లు 28 వేలన్నారు, అన్నీ కలిపే అన్నారు. లారీ మా గుమ్మం ముందుకొచ్చాక లెక్క మారింది. సామాను పెరిగిందట, రెండో అంతస్తు మెట్లకు వేరేనట, జీఎస్టీ విడిగానట. మొత్తం 43 వేలు. వాషింగ్ మెషీన్‌ను లారీ అంచుదాకా జరిపి, తాడు విప్పకుండా, ‘డబ్బులు పడితేనే దించుతాం’ అన్నారు. అమ్మ బీపీ మాత్రలు కూడా ఆ పెట్టెల్లోనే ఉన్నాయి. కట్టక ఏం చేస్తాం?

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు, తెలుసు. కానీ అవన్నీ డబ్బు పోయాక చేసే పనులు. లారీ ఎదురుగా ఉన్నప్పుడు ఆదుకునేది ఒక్కటీ లేదు.

2007 నాటి రోడ్డు రవాణా చట్టం ప్రకారం ఇతరుల సరుకు కిరాయికి మోసే కామన్ క్యారియర్లు రిజిస్టర్ చేసుకోవాలి. మాకిచ్చిన కొటేషన్ మీద ఆ రిజిస్ట్రేషన్ నంబరే లేదు. దయచేసి దాన్ని ప్రతి కొటేషన్‌పైనా తప్పనిసరి చేయండి. సామాను జాబితా, మెట్ల కూలీ, పన్ను ముందే రాసి ఇద్దరూ సంతకం చేయాలి.

అమెరికాలో రాష్ట్రాల మధ్య ఇల్లు మారేటప్పుడు, అది కచ్చితమైన ధర కాని అంచనా అయినా, దానిపై 10 శాతం అదనంగా కడితే సామాను అప్పగించాల్సిందే; మిగతా బాకీ తర్వాత తేల్చుకుంటారు. అలాంటి నిబంధన మనకూ కావాలి. బిల్లు మీద తగవుంటే ఉండనీయండి, సామాను మాత్రం ఆపకూడదు.

ఇట్లు,
ఒక వినియోగదారు