ఐదు తరగతులకు ఇద్దరు టీచర్లు చాలా?

సంపాదకుడు గారికి,

సర్కారు బడి పిల్లలకు చదవడం రాదన్న మాట ఏటా వింటున్నాం. మా మనవరాలు హైదరాబాద్‌లో ఒక బస్తీ ప్రాథమిక పాఠశాలలో చదువుతోంది. పిల్లలందరూ కూలీనాలీ చేసుకునే ఇళ్లవాళ్లే. రోజూ దింపడానికి వెళ్తాను కాబట్టి చూసింది రాస్తున్నాను.

అక్కడ ఐదు తరగతులకు ఇద్దరే టీచర్లు. అధికారులను తిడదామంటే, అంతా చట్టప్రకారమే ఉంది. 60 మంది పిల్లల వరకు ఇద్దరు చాలని 2009 విద్యాహక్కు చట్టమే అంటోంది. తలలు లెక్కపెట్టారు గానీ తరగతులు లెక్కపెట్టలేదు. ఒకటి, రెండు తరగతులకు మూడేసి సబ్జెక్టులు, మిగతా మూడింటికి నాలుగేసి, వెరసి 18. మేడం బోర్డు మధ్యన సుద్దముక్కతో గీత గీసి, ఒక పక్క ఒకటో తరగతికి అక్షరాలు, రెండో పక్క మూడో తరగతికి భాగహారాలు రాస్తారు. చిన్నవాళ్లు అవి దిద్దుతున్నంతసేపే పెద్దవాళ్లకు పాఠం. ఇద్దరిలో ఒకరు మీటింగుకు వెళ్లారా, ఆ పూట పిల్లలు రోడ్డు మీదకు పోకుండా కాపలా కాయడమే రెండో ఆవిడ పని. 2024 నవంబర్‌లో ఇంటింటి సర్వేకి టీచర్లను పంపి ప్రాథమిక పాఠశాలలను ఒంటిపూట నడిపారు. అక్షరాలు నేర్పే చోటే కోత పెట్టాలని ఎవరికి తోచిందో!

బస్తీ బడికి ఇంకో చిక్కుంది. బిల్డింగ్ పనులకు బీహార్, ఒడిశా నుంచి వచ్చినవాళ్ల పిల్లలు దసరా తర్వాత కూడా చేరుతుంటారు. చేర్చుకోవాల్సిందే. కానీ ఇంట్లో హిందీయో ఒడియానో మాట్లాడే పిల్లకు పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిష్. నాలుగు రోజులు తిరక్కుండానే, చిన్నపిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు నేర్పే సర్కారు కార్యక్రమం ‘తొలిమెట్టు’ కింద చదివించి చూసి, రాలేదని బడి ఖాతాలో వేస్తే ఎలా?

ఇక డబ్బు. 31 నుంచి 100 మంది పిల్లలుంటే సమగ్ర శిక్ష పథకం కింద బడి ఖర్చులకిచ్చే గ్రాంటు ఏడాదికి 25,000 రూపాయలు. రిజిస్టర్లు, సుద్దముక్కలు, ఫినాయిలు, నల్లా రిపేరు అన్నీ అందులోనే.

2024 డీఎస్సీ 11,062 పోస్టులకు వేశారు, సంతోషం. అయితే తలల లెక్కనే పంచితే మా బడికి మళ్లీ ఇద్దరే మిగులుతారు. ఇలాంటి బడుల్లో ఒకటో తరగతికైనా విడిగా ఒక టీచర్‌ను ఇవ్వాలి. అంతవరకు, కరోనాకు ముందు ఉన్నట్టు విద్యా వలంటీర్‌ను ఇచ్చినా చాలు. అదీ జూన్‌లో బడి తెరిచే నాటికే.

– ఒక పాఠకురాలు, హైదరాబాద్