హేతుబద్ధత పరీక్షకు అందని విషయం కాదు

సంపాదకుల వారికి నమస్కారం.

ట్రాఫిక్ చలాన్ల బకాయిలను ఉదాహరణగా తీసుకొని ఆర్థికశాస్త్రంలోని హేతుబద్ధత భావన మీద ఇటీవల మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసాన్నీ, దాన్ని ఖండిస్తూ తరువాతి వారం ఈ పేజీలోనే అచ్చయిన ఒక పాఠకుడి ఉత్తరాన్నీ చదివాను. రెండింటిలోనూ పొరపాట్లున్నాయి. విషయం తెలిసిన వారెవరైనా సరిదిద్దుతారని ఎదురుచూశాను గానీ ఇంతవరకూ ఒక్క సవరణ కూడా రాలేదు. అశోక్‌నగర్ కోచింగ్ గదుల్లో గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు మీ వ్యాసాలను కత్తిరించి నోట్సులో అతికించుకుంటారు కాబట్టి, ఉద్యోగకాలమంతా తెలుగు మాధ్యమంలో ఈ శాస్త్రాన్నే బోధించిన నాకు చూస్తూ ఊరుకోవడం సాధ్యం కాలేదు.

వ్యాసకర్త వాదం క్లుప్తంగా ఇది. చలాన్ వచ్చిన వెంటనే కట్టకుండా నెలల తరబడి నాన్చే హైదరాబాదు వాహనదారుడికి హేతుబుద్ధి లేదు. అయినా ఆర్థికవేత్తలు దానికీ ఏదో ఒక కారణం వెతికి అది హేతుబద్ధమేనంటారు. కనుక ఆ భావనను పరీక్షించడం ఎవరి తరమూ కాదు. పరీక్షకు నిలవనిది శాస్త్రం కాదు. మొదట ఆ భావన తప్పని తేలిపోయిందన్నారు, చివరికి వచ్చేసరికి అసలు తేల్చడమే అసాధ్యమన్నారు. ఈ రెండూ ఒకేసారి నిజం కాలేవు. అచ్చుకు పంపే ముందు మీ డెస్కులో ఒక్కరైనా ఈ ప్రశ్న వేసి ఉండాల్సింది. అమెరికన్ ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్‌ను తమకు సాక్షిగా తెచ్చుకోవడమూ సరికాదు. ఒక సిద్ధాంతాన్ని దాని ఊహలు ఎంత వాస్తవికమన్నదాన్ని బట్టి కాక, దాని అంచనాలు నిజమయ్యాయా లేదా అన్నదాన్ని బట్టి తూచాలని ఆయన 1953లో వాదించారు. ఆ వాదంతో నాకు ఏకీభావం లేదు. కానీ అది పరీక్ష వద్దన్న వాదం మాత్రం కాదు.

మనిషి స్వార్థపరుడనీ, సర్వజ్ఞుడనీ, ఊపిరి పీల్చినప్పుడల్లా లెక్కలు వేస్తాడనీ ఈ భావనకు అర్థం చెప్పి దాన్ని కొట్టిపారేయడం తేలిక. శాస్త్రం అడిగేది అంతకంటే చాలా తక్కువ: ఒక మనిషి చేసుకునే ఎంపికల్లో ఒకదానికొకటి పొందిక ఉండాలి. ఆర్థికవేత్త పాల్ శామ్యూల్‌సన్ 1938లో ఈ మాటను మనసులోకి తొంగిచూడనక్కర్లేకుండా, కొనుగోళ్ల లెక్కలతోనే పట్టి చూడగలిగేట్టు మలిచారు. మెహదీపట్నం రైతుబజారులో కూరగాయలకు ఒకరు వారానికి 200 రూపాయలు ఖర్చు పెడతారనుకుందాం. ఒక వారం టమాటా కిలో 20, బెండకాయ కిలో 40 ఉండగా రెండు కిలోల టమాటా, నాలుగు కిలోల బెండకాయలు కొన్నారు. మరుసటి వారం ధరలు తారుమారై టమాటా 40, బెండకాయ 20 అయినప్పుడు నాలుగు కిలోల టమాటా, రెండు కిలోల బెండకాయలు కొన్నారు. రెండో సంచీలోని సరుకు మొదటి వారం ధరల్లో 160 రూపాయలకే వచ్చేది, అయినా దాన్ని కాదన్నారు. మొదటి సంచీలోని సరుకు రెండో వారం ధరల్లో 160కే వచ్చేది, దాన్నీ కాదన్నారు. అభిరుచి మారనంత వరకూ, ఉన్నంతలో ఎక్కువ కావాలని కోరుకునేంత వరకూ, ఏది ఎక్కువ ఇష్టమో, ఏది తక్కువ ఇష్టమో వరుసగా చెప్పే అభిరుచి పట్టిక ఏదీ ఈ రెండు కొనుగోళ్లనూ కలిపి సమర్థించలేదు. ఎన్ని ధరలకైనా, ఎన్ని సరుకులకైనా ఇదే తనిఖీ ఎలా చేయాలో ఆర్థికవేత్త అఫ్రియాట్ 1967లో నిరూపించారు. 1982లో మరో ఆర్థికవేత్త వేరియన్ దాన్ని లెక్కల్లో వాడుకోవడానికి అనువైన రూపంలో పెట్టారు. తప్పిపోయే అవకాశం ఉన్న పరీక్షే ఇది, మనుషులు తప్పిన సందర్భాలూ ఉన్నాయి.

నిజమే, మధ్యలో ఇంటికి చుట్టాలు వచ్చారనో, పిల్లలకు బెండకాయ మీద మొహం మొత్తిందనో అంటే ఈ పరీక్ష నుంచి తప్పించుకోవచ్చు. అందుకే ప్రయోగశాలల్లో ఇలాంటి ఎంపికలన్నీ ఒకేసారి కూర్చోబెట్టి చేయిస్తారు. ధరలతో పాటు ఆదాయమూ పెరుగుతూ పోయిన లెక్కల్లో పాత ఆదాయంతో కొత్త సంచీని కొనే వీలే ఉండదు కాబట్టి దాదాపు ప్రతి ఒక్కరూ గట్టెక్కుతారన్న ఇబ్బంది కూడా ఉంది. వీటన్నిటికంటే లోతైన అభ్యంతరం అమర్త్యసేన్‌ది: పళ్లెంలో చివరి పండు మిగిలితే మర్యాద కొద్దీ ముట్టని మనిషి, రెండు మిగిలినప్పుడు ఒకటి తీసుకుంటే అది పొందిక లేకపోవడం కాదనీ, అతని ఉద్దేశం తెలియకుండా బయటి నుంచి పొందికను నిర్ణయించలేమనీ ఆయన 1993లో రాశారు. వ్యాసకర్త ఎత్తి చూపవలసింది ఇలాంటి అభ్యంతరాలను. పరీక్ష కష్టమనడానికీ అసాధ్యమనడానికీ మధ్య ఉన్న దూరం ఆయనకు కనిపించలేదు.

ఇక ఆయనకు జవాబిచ్చిన పాఠకుడు, ఉల్లి ధర పెరిగితే జనం తక్కువ కొంటున్నారు కాబట్టి హేతుబద్ధత రుజువైపోయిందన్నారు. ఇది మరో పొరపాటు. మనుషులు ఏ ఆలోచనా లేకుండా చేతికందింది కొనేవాళ్లయినా, జేబులో డబ్బు పరిమితం కాబట్టి ధర పెరిగిన సరుకు కొనుగోలు సగటున తగ్గుతుందని ఆర్థికవేత్త గ్యారీ బెకర్ 1962లోనే చూపించారు. డిమాండ్ సూత్రం నిజమైనంత మాత్రాన దాని వెనుక హేతుబుద్ధి ఉందని తేలదు.

ఈ చర్చ అంతటిలోనూ నన్ను ఎక్కువగా బాధించింది, మన ఊరి పక్కనే జరిగిన పరిశోధన ఒక్కటి కూడా ఎవరికీ గుర్తు రాకపోవడం. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో గ్రామస్థాయి అధ్యయనాలు మొదలుపెట్టి, నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి, దోకూర్ గ్రామాలతో పాటు మహారాష్ట్ర గ్రామాల్లోనూ రైతు కుటుంబాల వివరాలు సేకరించింది. అక్కడ పనిచేసిన ఆర్థికవేత్త హాన్స్ బిన్స్‌వాంగర్ 240 కుటుంబాల వారి చేత నిజమైన డబ్బుతో బొమ్మా బొరుసూ ఆడించారు. పెద్ద మొత్తాల ఆటలో ఒక కొసన ఏది పడినా 50 రూపాయలు వచ్చే ఎంపిక, మరో కొసన ఒకవైపు పడితే 200, మరోవైపు పడితే సున్నా వచ్చే ఎంపిక, మధ్యలో కొద్దికొద్దిగా సాహసం పెరిగే ఎంపికలు ఉండేవి. గెలుచుకోగలిగిన గరిష్ఠ మొత్తం ఆ రోజుల్లో కూలి మనిషి నెల రాబడిని మించేది. పందెం పెద్దదయ్యే కొద్దీ దాదాపు అందరూ మధ్యస్థమైన జాగ్రత్తకు వచ్చారనీ, ఉన్నవాడికీ లేనివాడికీ అందులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదనీ ఆయన 1980లో ప్రకటించారు. రైతులను కేవలం ప్రశ్నలు అడిగి రాబట్టిన జవాబులకూ, డబ్బు చేతిలో పెట్టి చూసిన ఫలితాలకూ పొంతనే లేదని కూడా అందులోనే ఉంది. మనిషి ప్రతి చిన్న పందాన్నీ తన మొత్తం ఆస్తితో కలిపి చూసుకుంటాడన్న పాఠ్యపుస్తకపు ఊహ ఈ ఫలితాలతో పొసగడం లేదని మరుసటి సంవత్సరం రాశారు. అంటే ఊహను పరీక్షించారు, అందులో ఒక ముఖ్యభాగం విఫలమైంది. కానెమన్, ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లో, మనిషి లాభనష్టాలను మొత్తం ఆస్తితో కాక ఇప్పుడున్న స్థితితో పోల్చి చూస్తాడని చెప్పిన మాటా ఈ దిశలోనిదే. ఇవన్నీ మన ఇంటర్, డిగ్రీ పుస్తకాల్లో ఉండవలసినవి. మన పిల్లలు, రెండు సరుకుల ఏయే కలయికలు మనిషికి సమానంగా నచ్చుతాయో చూపే ఉదాసీనతా వక్రరేఖలు గీసి మార్కులు తెచ్చుకుంటున్నారే గానీ, ఆ రేఖలు నిజమో కాదో ఎలా తెలుసుకుంటామని అడిగే ప్రశ్న ఒక్క పరీక్షాపత్రంలోనూ నా కంటపడలేదు.

చలాన్ల విషయానికే వస్తాను. ద్విచక్ర వాహనాల పెండింగ్ చలాన్ల మీద ప్రభుత్వం 2022 మార్చిలో 75 శాతం, 2023 డిసెంబరులో 80 శాతం రాయితీ ఇచ్చింది. వెయ్యి రూపాయల జరిమానాను బుద్ధిగా అప్పటికప్పుడు కట్టినవాడికి వెయ్యీ పోయింది, ఆగినవాడు 200తో బయటపడ్డాడు. ఇది చూసినవాడు మూడోసారి కూడా ఆగితే తప్పు పట్టవలసింది అతని బుద్ధినా, రాయితీ ప్రకటించిన వారినా? ఇదే జరిగిపోయాక కారణం అతికించడమని వ్యాసకర్త అనవచ్చు. అక్కడితో ఆపితే ఆయన మాట నిజమే. కానీ ఆపనక్కర్లేదు. జనం రాయితీ కోసమే ఆగుతున్నారన్నది నిజమైతే, మొదటి రాయితీ తరువాత పడిన చలాన్లు అంతకుముందు పడిన వాటికంటే ఆలస్యంగా చెల్లింపు కావాలి; రోజూ తనిఖీలో ఆపబడే ఆటో, క్యాబ్ డ్రైవర్లలో ఆ ఆలస్యం తక్కువ ఉండాలి. కేవలం నిర్లక్ష్యమే కారణమైతే రాయితీకి ముందూ తరువాతా తేడా ఉండకూడదు. సెకండ్‌హ్యాండ్ బండి కొని పేరు మార్పించుకోని వారికి సందేశం పాత యజమాని ఫోనుకే పోతుంది, వారిని విడిగా లెక్కించాలి. ఏది తేలితే తన మాట తప్పవుతుందో ముందే రాసిపెట్టి చూడడాన్నే పరీక్ష అంటారు, దీనికి కావలసిన తేదీలన్నీ ప్రభుత్వ కంప్యూటర్లలోనే ఉన్నాయి.

పథకం ఫలిస్తే ప్రజలు వివేకవంతులనీ, బెడిసికొడితే ప్రజలకు క్రమశిక్షణ లేదనీ అనే అలవాటు మన పాలకులకు పాతదే. రైతుకు ధరలతో పని లేదు, తాతలు వేసిన పంటే వేస్తాడని ఒకప్పుడు పెద్ద పెద్ద అధికారులు నమ్మేవారు. పంజాబ్ రైతులు ధరలను చూసి పత్తి విస్తీర్ణాన్ని మార్చుకున్నారని 1963లో ఆర్థికవేత్త రాజ్‌కృష్ణ లెక్కలు తీసి చూపితే గానీ ఆ మాట సడలలేదు. ఆస్తిపన్ను బకాయిల వడ్డీలో 90 శాతం మాఫీ చేసే వన్‌టైమ్ సెటిల్‌మెంట్‌ను ఒకసారికి కాక మళ్లీ మళ్లీ ప్రకటిస్తున్న నగరంలో, గడువులోపల కట్టే గృహస్థుడి మీద ఆ ప్రకటనల ప్రభావం ఏమిటో లెక్క తీసి ప్రజల ముందు పెట్టవలసిన బాధ్యత ఎవరికీ పట్టడం లేదు. అది అడగవలసిన పత్రికలు హైదరాబాదీల మనస్తత్వం గురించి వ్యాసాలు వేస్తున్నాయి.

నేను కోరేవి రెండు. ఫ్రీడ్‌మన్ మాటల గురించీ, పరీక్ష అసాధ్యమన్న వాక్యం గురించీ ఆ ఆదివారం పేజీలోనే, అదే చోట సవరణ వేయండి. వాహనాల నంబర్లు తొలగించి, చలాన్ పడిన తేదీ, కట్టిన తేదీ, వాహనం రకం మాత్రం ఉన్న వివరాలను 2021 నుంచి విడుదల చేయాలని మీ పత్రిక తరఫున సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. వచ్చిన జవాబు ఏదైనా ఉన్నదున్నట్టు ప్రచురించండి.

భవదీయురాలు,
విశ్రాంత అర్థశాస్త్ర అధ్యాపకురాలు,
నల్లకుంట, హైదరాబాద్