మత్తు ఎంతసేపు ఇచ్చారో కాగితం మీద రాయించండి

నెల్లూరు జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారి గారికి,

నమస్కారం. మాది కావలి. ఏడాదిన్నర మనవడికి హెర్నియా ఆపరేషన్ నెల్లూరులో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో చేయించాం. అంతకుముందు స్కానింగ్‌లో కదలకూడదని ఒకసారి మత్తిచ్చారు. సంతకం పెట్టమన్న కాగితం మొత్తం ఇంగ్లీషే. మా కోడలు పెన్ను పట్టుకుని, "మళ్లీ మత్తిస్తే బుర్రకేమీ కాదు కదండీ?" అంది. "టెన్షన్ పడకమ్మా" అన్నారు ఆసుపత్రివాళ్లు. అంతే.

నిజానికి జవాబుంది, చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. పసితనంలో గంటలోపు మత్తు తీసుకున్న పిల్లల్ని 5 ఏళ్లప్పుడు పరీక్షిస్తే తెలివితేటల్లో తేడా కనిపించలేదని 7 దేశాల్లో చేసిన అధ్యయనం 2019లో తేల్చింది. ఆ ముక్క చెప్పి ఉంటే మా కోడలు ఆ రాత్రి కాస్త కునుకు తీసేది. అయితే 3 ఏళ్లలోపు వాళ్లకు 3 గంటలు దాటి గానీ, పదేపదే గానీ మత్తిస్తే ఎదిగే మెదడు మీద ప్రభావం పడొచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016లో హెచ్చరించింది. అవసరమైన ఆపరేషన్ మానుకోమని కాదు. ఆగగలిగింది ఆగొచ్చా అని డాక్టరుతో మాట్లాడుకోమని.

మాకిచ్చిన డిశ్చార్జి కాగితంలో "జి.ఎ." (జనరల్ అనస్థీషియా, అంటే పూర్తి మత్తు) అని రెండక్షరాలున్నాయి. ఏ మందు, ఎన్ని నిమిషాలు, ఏమీ లేదు. రొయ్యల గుంటలో ఏ మందు ఎప్పుడు చల్లాడో మా తమ్ముడు నోటుబుక్కులో రాసుకుంటాడండీ!

మందు పేరు, మోతాదు, మత్తులో ఉన్న సమయం డిశ్చార్జి కాగితంలో రాయాలని, సంతకం పత్రం తెలుగులో ఇవ్వాలని జిల్లాలోని ఆసుపత్రులన్నిటికీ చెప్పండి. వచ్చే నెల వాణ్ని ఇంకో డాక్టరుకు చూపించాలి. ఆయన అడిగితే చూపడానికి మా దగ్గర ఆ రెండక్షరాలే ఉన్నాయి.

ఇట్లు,
ఓ తాతయ్య, కావలి